తల్లి కాలువ నుండి పిల్ల కాలువకు

అత్తిలి పరిసరాల రైతునకు కాలువ నీటిని గురించి మేము క్రొత్తగా చెప్పవలసినది ఏమియు లేదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద మొదలుపెట్టించి, 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట వలన గోదావరి నీరు విజ్జేశ్వరం తలుపుల గుండా పడమటి డెల్టాలోనికి వచ్చినది. ప్రధాన కాలువ, దాని వెనుక ఏలూరు కాలువ, నరసాపురం కాలువ, ఉండి కాలువ, అత్తిలి కాలువ మున్నగు శాఖలు, వాటి నుండి పిల్ల కాలువలు, వాటి నుండి పంట బోదెలు. చేని గట్టున నిలిచిన రైతు విజ్జేశ్వరం చూచి యుండనక్కరలేదు. అయినను అక్కడ ఎన్ని తలుపులు ఎత్తినారో దానిని బట్టియే ఆతని బోదెలో నీరు. బోదెకు ఆతడు ఎన్ని అడ్డుకట్టలు వేసినను విజ్జేశ్వరంలోని మట్టము మారదు. మీద నిర్ణయమైనది క్రిందికి వచ్చును. క్రింద జరిగినది మీదికి పోదు.

ఈనాటి మా ప్రసంగం నీటిని గురించినది కాదు. నీటి సంగతి తెలిసినవారికి ఇది తేలికగా బోధపడునని తలచి ఆ పోలికతో ఆరంభించినాము. కంప్యూటరులో ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును ప్రారంభించును. ప్రారంభించిన దానిని తల్లి అనియు, ప్రారంభమైన దానిని పిల్ల అనియు ఆ విద్యలోనివారు వ్యవహరింతురు. పిల్ల పుట్టునపుడు తల్లి దానికి చేయవలసిన పని చెప్పుటయే గాక, కొన్ని పేర్లను, ఆ పేర్లకు ఎదురుగా కొన్ని విలువలను మూటగట్టి చేతికిచ్చును. ఇల్లు ఫలానా చోటు, భాష తెలుగు, కాలము భారత కాలము అన్న రీతిగా ఆ మూట ఉండును. ఆంగ్లమున వీటిని ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ అందురు. మేము పరిసర విలువలు అందుము.

ప్రోగ్రాము వ్రాసినవాడు వ్రాసినది వ్రాసినట్లే యంత్రమునకు పనికిరాదు. దానిని యంత్రభాషలోనికి మార్చవలెను, విడి భాగములను జోడింపవలెను, పరీక్షింపవలెను, ఒక కట్టగా కట్టి వాడుకొనువారికి పంపవలెను. ఈ మొత్తము పనిని ‘బిల్డు’ అందురు. రోజుకు పది మారులు జరుగు ఈ పనిని ఎవరును చేతితో చేయరు. చేయవలసిన ఆజ్ఞలన్నియు వరుసగా ఒక కాగితం మీద వ్రాసినట్లు వ్రాసి యంత్రమునకు అప్పగింతురు. ఆ వరుసకే స్క్రిప్టు అని పేరు. ఇంటివారు నిద్రించు వేళ యంత్రము దానిని చదువుకొని పని ముగించి పెట్టును.

ఇందులో ఒక చిక్కు కలదు. స్క్రిప్టులో వ్రాసినది కంటికి కనబడును. పరిసరము నుండి వచ్చినది కనబడదు. అదే స్క్రిప్టు ఒక యంత్రం మీద ఒక ఫలితమును, మరియొక యంత్రం మీద వేరొక ఫలితమును ఇచ్చుటకు తరచు ఇదియే కారణము. చెప్పకనే అందు ఈ విలువలు ఎట్లు పుట్టినవి, ఏమి మేలు చేసినవి, ఎక్కడ కీడు చేసినవి అన్నది మనము ముచ్చటించుకొనదగిన చరిత్ర. ఏలనన, తణుకు, అత్తిలి, భీమవరం, తాడేపల్లిగూడెం ప్రాంతాల ఇండ్లలో చదివిన పిల్లలు ఎందరో నేడు ఈ పని మీదనే జీవించుచున్నారు. తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసిన పిదప ఆ సంఖ్య పెరుగునే గాని తరుగదు.

పూర్వము ఇట్లు లేదు. 1964లో ఐబీయం సంస్థ ప్రకటించిన 360 శ్రేణి యంత్రములపై పని చేయించుకొనువారు చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్టను అప్పగించెడివారు. ఏ ప్రోగ్రాము నడువవలెను, ఏ టేపు ఎక్కింపవలెను, ఫలితము ఎచ్చట అచ్చు కావలెను అన్నది ఆ కట్టలోని ముక్కల మీద విడివిడిగా తెలుపవలసియుండెను. అది విసుగు పుట్టించు పని. ఒక ముక్క తారుమారైన కట్ట అంతయు తిరిగివచ్చెడిది. కాని అందులో ఒక సుగుణము ఉన్నది. పనికి కావలసినది చాలవరకు ఆ కట్టలోనే ఉండెడిది. కట్ట చూచినవానికి పని తెలిసెడిది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలిడిన యూనిక్స్ వ్యవస్థ ఈ విసుగును తొలగింపబూనినది. మనిషి చెప్పిన ఆజ్ఞను అందుకొని ప్రోగ్రాములను నడుపు ‘షెల్’ దానిలో ముఖ్యాంగము. తొలినాటి షెల్ ప్రోగ్రాములను కొన్ని స్థిరమైన చోట్లనే వెదకెడిది. నా ప్రోగ్రాములు వేరొకచోట ఉన్నవి, అక్కడ కూడ చూడుము అని చెప్పుటకు వీలు లేకుండెను. 1970 దశకము నడుమ జాన్ మాషే అదే సంస్థలో తన షెల్‌కు ఒక్కొక్క అక్షరమే పేరుగా గల విలువలను చేర్చి, వెదకవలసిన చోట్లను వాడుకరియే చెప్పుకొను వీలు కల్పించెను. తరువాత 1979లో వెలువడిన ఏడవ యూనిక్స్ కూర్పులో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్‌తో పాటు పరిసరము అన్న భావన పూర్తి రూపమున వచ్చినది. ఇంటి చోటు తెలుపు ‘హోమ్’, వెదకు దారులు తెలుపు ‘పాత్’, ముందున్న తెర ఎట్టిదో తెలుపు ‘టెర్మ్’ అను పేర్లు ఆనాటివి. నాలుగున్నర దశాబ్దములు దాటినను నేటికిని అవే పేర్లు వాడుకలో ఉన్నవి.

ఆనాడు చేసిన ఏర్పాటులో ఒక నియమము గమనింపదగినది. తల్లి ఇచ్చిన మూట పిల్లకు అసలు కాదు, నకలు. పిల్ల తన మూటలోని విలువను మార్చుకొనవచ్చును. దానికి పుట్టిన పిల్లలకు మారిన విలువయే అందును. తల్లి మూట మాత్రము మారదు. ఇంతవరకు మన కాలువ పోలిక సరిపోవును. కాని విజ్జేశ్వరంలో తలుపు దించిన కొంత కాలమునకు అత్తిలి కాలువలో నీరు తగ్గును. ఇచ్చట అట్లు కాదు. పిల్ల పుట్టిన పిదప తల్లి తన విలువను మార్చుకొన్నను, పుట్టిన పిల్ల చేతిలోని మూట మునుపటిదే. ఈ చిన్న భేదము తెలియక పోగొట్టుకొన్న గంటలకు లెక్క లేదు.

బిల్డు పనికి ఈ విలువలతో సంబంధము కలిపినది ‘మేక్’ అను ప్రోగ్రాము. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దానిని వ్రాసెను. ఆయన సహోద్యోగి ఒకరు, సరిదిద్దిన ప్రోగ్రాములో ఇంకను తప్పు ఏల కనబడుచున్నదో తెలియక ఒక ఉదయమంతయు వ్యర్థపుచ్చిరట. తుదకు చూడగా, దిద్దిన భాగము యంత్రభాషలోనికి మరల మారనేలేదు, నడుచుచున్నది పాతదే. ఏది మారినదో చూచి, దానిని, దాని మీద ఆధారపడినవానిని మాత్రమే మరల కట్టు పనిని యంత్రమునకే అప్పగింప వలెనని ఫెల్డ్‌మన్ సంకల్పించెను. ఆ ప్రోగ్రాము తరువాతి రూపములలో, పరిసరమున ఉన్న విలువలన్నింటిని తన విలువలుగా చేకొను వాడుక ఏర్పడినది. ఏ అనువాదకమును వాడవలెను, దానికి ఏ సూచనలు ఇయ్యవలెను అన్నది స్క్రిప్టులో చెప్పకున్నచో పరిసరము చెప్పును. సౌకర్యము అంతకంతకు పెరిగినది. కనబడని చేయియు అంతకంతకు బలపడినది.

చిన్న కంప్యూటరులకు ఈ పద్ధతి 1983లో వెలువడిన ఎంఎస్-డాస్ రెండవ కూర్పుతో వచ్చినది. ‘సెట్’ అను ఆజ్ఞతో విలువను నిలుపుట, యంత్రము మేల్కొనగానే నడుచు ‘ఆటోఎగ్జెక్’ ఫైలులో వెదకు దారులను వ్రాసిపెట్టుట ఆనాడు నేర్చిన వారందరికి పరిచయమే. కొంత కాలము ఆ మూటకు కేటాయించిన చోటు మామూలుగా 160 బైట్లు మాత్రమే. రెండు మూడు పొడుగాటి దారులు వ్రాయగానే పరిసరములో చోటు చాలదని యంత్రము మొరపెట్టెడిది.

తెలుగునాట ఈ విద్య వేనవేల మందికి అందిన చోటు హైదరాబాదులోని అమీర్‌పేట. 1996లో జావా భాష తొలి కూర్పు వచ్చిన తరువాత కొలది ఏండ్లకే మైత్రీవనం చుట్టుప్రక్కల శిక్షణ కేంద్రములు పుట్టగొడుగులవలె లేచినవి. గోదావరి జిల్లాల నుండి, రాయలసీమ నుండి, తెలంగాణ పల్లెల నుండి వచ్చిన యువకులు హాస్టళ్ళలో ఉండి, చేతివ్రాత నోట్సుల నకళ్ళు కొనుక్కొని అక్కడ చదివినారు. వారిలో అనేకులకు జావాలో ఎదురైన తొలి అడ్డంకి భాషయొక్క వ్యాకరణము కాదు, పరిసర విలువ.

సంగతి ఇట్టిది. జావాను యంత్రములో పెట్టినంతమాత్రాన షెల్‌కు దాని చిరునామా తెలియదు. ‘పాత్’ విలువలో ఆ చిరునామా చేర్చకున్నచో ‘జావాసీ’ అన్న పేరు వినగానే అట్టి ఆజ్ఞను ఎరుగనని యంత్రము బదులిచ్చును. సరే, చేర్చితిమి. ఒక కిటికీలో చేర్చిన విలువ రెండవ కిటికీలో లేదు. ఏలనన రెండును వేర్వేరు పిల్లలు. ఇంకొక మెట్టు ఎక్కిన పిదప ‘క్లాస్‌పాత్’ ఎదురగును. ఆ విలువను ఎవరును నిలుపనపుడు జావా తానున్న చోటనే ప్రోగ్రామును వెదకుకొనును. వేరొక సాఫ్ట్‌వేరును యంత్రములో పెట్టినపుడు అది తన అవసరమునకు ఆ విలువను నిలిపినచో, ‘ఉన్న చోట వెదకుము’ అన్న భావము దానంతట అది తొలగిపోవును. చుక్క గుర్తుతో దానిని మరల చేర్చవలెను. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములో తప్పు లేదు. ప్రక్కవాని యంత్రం మీద అది నడుచుచున్నది. తన యంత్రం మీద నడువదు. తప్పు తాను వ్రాసిన పుటలో లేదు, తాను వ్రాయని పుటలో ఉన్నది. అమీర్‌పేటలో చదివినవారిలో ఎందరో తొలి వారములలోనే ఈ పాఠమును నేర్చినారు. కాని చుక్క పెట్టుట నేర్చినవారందరును, చుక్క ఏల పెట్టవలెనో నేర్చినారని చెప్పలేము.

ఆ వెలితి తరువాత బయటపడును. ఉద్యోగమున చేరి, పగటివేళ తన ఎదుట చక్కగా నడిచిన బిల్డు స్క్రిప్టును రాత్రి నడుచునట్లు యంత్రమునకు అప్పగించి ఇంటికి పోవును. ఉదయము వచ్చి చూచిన, మొదటి మెట్టు వద్దనే ఆగిపోయియున్నది. వేళకు పనులు నడుపు ‘క్రాన్’ అను ప్రోగ్రాము తన పిల్లలకు ఇచ్చు మూట చాల చిన్నది. అందు వెదకు దారులు రెండు మూడే. మనిషి లోపలికి రాగానే ఆతని పేర షెల్ సమకూర్చు దారులు, జావా చిరునామాలు ఏవియు ఆ మూటలో ఉండవు. పగలు నీరు పుష్కలము, రాత్రి బోదె ఎండు. స్క్రిప్టు మాత్రము ఒక్కటే.

ఆగిపోయిన బిల్డు మేలైనదే. అది తన లోపమును తానే చాటును. ఆగక, తప్పు ఫలితమును ఒప్పు ఫలితమువలె చేతికిచ్చు బిల్డు ప్రమాదకరము. కాలమునకు సంబంధించిన ‘టీజెడ్’ అను విలువను చూడుడు. భారత కాలము విశ్వకాలమునకు అయిదున్నర గంటలు ముందు. అత్తిలిలో ఏప్రిల్ 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు స్క్రిప్టు నడిచినదనుకొందము. ఆ విలువ భారత కాలమైనచో కట్ట మీద ఏప్రిల్ 1 అని పడును. అదే స్క్రిప్టు విశ్వకాలము నిలిపిన యంత్రం మీద అదే క్షణమున నడిచినచో రాత్రి 10 గంటల 30 నిమిషములు, మార్చి 31. కాలిఫోర్నియా కాలము నిలిపిన యంత్రం మీద ఇంకను మార్చి 31 మధ్యాహ్నమే. మన దేశమున ఆ రెండు తేదీల మధ్య ఒక ఆర్థిక సంవత్సరమే మారును. లెక్కల ప్రోగ్రాము తన కట్టిన తేదీని బట్టి పన్ను పట్టికను ఎంచుకొనునదైనచో, ఏ ఏటి పట్టిక లోపలికి వచ్చినదన్నది స్క్రిప్టులో ఎచ్చటను వ్రాయని ఒక విలువ మీద ఆధారపడును. హైదరాబాదులో వ్రాసిన స్క్రిప్టు అమెరికాలోని యంత్రం మీద నడుచుట నేడు నిత్యకృత్యము. కావున ఇది ఊహకు మాత్రమే పరిమితమైన భయము కాదు.

తెలుగు భాషకు దగ్గరగా వచ్చు ఉదాహరణము మరియొకటి కలదు. ‘ల్యాంగ్’, ‘ఎల్‌సీ ఆల్’ అను పరిసర విలువలు ప్రోగ్రాములకు భాషను, ఆ భాష నియమములను తెలుపును. రెండవది నిలిపియున్నచో మొదటిదానిని అది త్రోసివేయును. పదములను అకారాది క్రమమున పేర్చునపుడు ఈ విలువ ఏమి చెప్పునో అదే జరుగును. బిల్డు స్క్రిప్టులలో దీనిని ‘సీ’ అను ఒక్క అక్షరముగా నిలుపుట పెద్దల వాడుక. దాని అర్థము, ఏ భాష నియమములను పాటింపక అక్షరముల సంకేత సంఖ్యలను బట్టియే పేర్చుమని. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు చోటు దొరికినది. భారతీయ లిపులన్నియు ఒకే వరుసలో కుదురుటకై అందు ర తరువాత ఱ, ల తరువాత ళ, పిదప వ నిలిచినవి. మనము బడిలో నేర్చిన వర్ణమాలలో య ర ల వ వచ్చిన చాల సేపటికి గాని ళ, ఱ రావు. కావున సంకేత సంఖ్యల క్రమమున ‘కళ’ ముందు వచ్చును, ‘కవి’ వెనుక వచ్చును. వర్ణమాల క్రమమున ‘కవి’ ముందు, ‘కళ’ వెనుక. ఒక నిఘంటువునకు పదసూచికను స్క్రిప్టుతో కట్టించినచో, ఏ క్రమము అచ్చుపడునో నిర్ణయించునది గ్రంథకర్త కాడు. ఆ రాత్రి ఆ యంత్రం మీద ఉన్న ఒక పరిసర విలువ. ‘సీ’ని నిలుపుట తప్పని మేము అనుట లేదు. ఎల్ల యంత్రములపై ఒకే ఫలితము కావలెనన్నచో అదియే క్షేమము. కాని తెలుగు వరుస కావలసినచోట దానిని వేరుగా కోరవలెను. రెంటిలో ఏది కోరితిమో వ్రాయవలెను.

ఈ బాధలను ఒక పద్ధతి ప్రకారము ఎదుర్కొన్నవారు డెబియన్ వ్యవస్థను నిర్మించు స్వచ్ఛంద కార్యకర్తలు. ఒకే మూలము నుండి ఎవరు ఎచ్చట కట్టినను ఒక్క అక్షరము తేడా లేని ఫలితము రావలెనన్న ఆశయముతో వారు 2013లో పని ప్రారంభించిరి. ఒక ప్రోగ్రామును రెండు మారులు కట్టుదురు. రెండవ మారు కావలెనని కాల విలువను, భాష విలువను, వాడుకరి పేరును మార్చివేయుదురు. రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుదురు. తేడా వచ్చినచో, చెప్పరాని విలువ ఏదియో లోపలికి చొరబడినదన్నమాట. అట్టి పరీక్షలో తరచు దొరికిన దొంగ తేదీ. కావున 2015లో వారు ‘సోర్స్ డేట్ ఈపాక్’ అను క్రొత్త పరిసర విలువకు నియమములు వ్రాసిరి. కట్టుచున్న నాటి తేదీని గాక, మూలమును కడసారి దిద్దిన తేదీని వాడుమని అది చెప్పును. పరిసరము వలన వచ్చిన రోగమునకు పరిసరముతోనే మందు వేసినట్లైనది. భేదమంతయు ఒక్కటే: ఆ విలువను బుద్ధిపూర్వకముగా నిలిపినారు, పేరుతో చాటినారు.

ఇంతలో బిల్డు పని మనిషి బల్ల మీది యంత్రమును వదలి, ఆ పనికే ప్రత్యేకించిన యంత్రములకు తరలినది. కొహ్‌సుకే కవాగుచి వ్రాసిన హడ్సన్ 2005లో వెలువడి, 2011లో జెంకిన్స్ అను పేరు దాల్చినది. అది ప్రతి బిల్డునకు ఒక వరుస సంఖ్యను పరిసర విలువగా ఇచ్చును. అదే 2011లో హెరోకూ సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ పన్నెండు సూత్రముల పత్రమును ప్రకటించెను. అందు ఒక సూత్రము, చోటును బట్టి మారు విలువలను ప్రోగ్రాములో వ్రాయక పరిసరములో ఉంచుమనునది. సంకేతపదములు మూలములో వ్రాసి నలుగురికి పంచుకొను దురలవాటు అంతకుముందు మిక్కుటముగా ఉండెడిది గనుక ఆ సలహా ఎంతో మేలు చేసినది. కాని దాని పర్యవసానముగా బ్యాంకు తాళములవంటి రహస్యములన్నియు ఒకే మూటలోనికి వచ్చి చేరినవి. ఆ మూట పుట్టిన ప్రతి పిల్లకును అందునని మనకు తెలియును.

దాని ఫలము త్వరలోనే కనబడినది. 2014 సెప్టెంబరులో స్తెఫాన్ షాజ్‌లా అను నిపుణుడు ‘బాష్’ అను షెల్‌లో ఒక లోపమును కనిపెట్టెను. పరిసర విలువగా వచ్చిన వాక్యము చివర ఆజ్ఞను తగిలించినచో షెల్ ఆ ఆజ్ఞను అమలుజరిపెడిది. ఆ లోపము 1989 నుండి, అనగా 25 ఏండ్లుగా అందులో దాగియున్నది. 2020లో గిట్‌హబ్ సంస్థ తన బిల్డు వ్యవస్థలో పరిసర విలువలను నిలుపు ఒక పద్ధతిని మానివేయవలసివచ్చినది. స్క్రిప్టు తెరమీద ముద్రించు మాటలలో ఒక రకపు గుర్తు ఉన్నచో వ్యవస్థ దానిని ఆజ్ఞగా గైకొనెడిది. పరాయివాడు వ్రాసిన వాక్యమును ముద్రించినంతనే పరాయివాని విలువ నిలిచిపోవును. ఇప్పుడు ఆ విలువలను అందుకై ప్రత్యేకించిన ఒక ఫైలులో వ్రాయవలెను.

అన్నిటికన్న గుణపాఠమైనది 2021 నాటి కోడ్‌కోవ్ ఉదంతము. పరీక్షలు ప్రోగ్రామును ఎంతమేర తడవినవో లెక్కించి చూపు సంస్థ అది. దాని చిన్న స్క్రిప్టును వేలాది సంస్థలు తమ బిల్డులో పిలుచుకొనెడివి. ఆ ఏడు జనవరి 31వ తేదీ మొదలు ఎవరో దానిలో ఒక్క పంక్తిని మార్చిరి. ఆ పంక్తి చేసిన పని, తల్లి ఇచ్చిన మూటను ఉన్నదున్నట్లుగా పరాయి యంత్రమునకు పంపుట. బిల్డులు ఆగలేదు, ఫలితములు తప్పలేదు. ఏప్రిల్ 1న ఒక వాడుకరి, తాను దింపుకొన్న స్క్రిప్టు గుర్తుసంఖ్య సంస్థ ప్రకటించిన సంఖ్యతో సరిపోలుట లేదని గమనించి తెలుపునంతవరకు, రెండు మాసములు, ఎవరికిని తెలియలేదు. తమ సరుకు మీద ముద్ర వేయు తాళపుచెవిని మార్చుకొనవలసివచ్చిన సంస్థలలో హాషికార్ప్ ఒకటి. దొంగ ఏ గోడకును కన్నము వేయలేదు. పిలిచి, చేతికి మూట ఇచ్చిరి.

విలువ ఉండుట వలన కలుగు కీడు ఇది. లేకుండుట వలన కలుగు కీడును చెప్పవలెను. 2015 జనవరిలో స్టీమ్ అను ఆటల సాఫ్ట్‌వేరునకు చెందిన లినక్స్ స్క్రిప్టు కొందరి ఫైళ్ళను సమూలముగా తుడిచివేసినది. ‘ఫలానా చోట ఉన్నదంతయు చెరిపివేయుము’ అన్న ఆజ్ఞలో ఆ ఫలానా చోటునకు విలువ ఒక పేరు నుండి రావలెను. విలువ రాలేదు. శూన్యము మిగిలినది. శూన్యము తరువాత ఉన్న గీత, యంత్రమునకు మొత్తము నిలువ చోటు అని అర్థము. విలువ లేని పేరును షెల్ తప్పుగా భావింపదు, ఖాళీగా భావించును. అందువలన కొందరు దాచుకొన్న సమస్తము పోయినది.

ఈ చరిత్ర నుండి అనుభవజ్ఞులు గ్రహించిన నియమములు కొన్ని మాత్రమే. స్క్రిప్టు తలభాగమున తనకు కావలసిన విలువలన్నింటిని పేరుపేరున నిలుపవలెను: దారులు, భాష, కాలము, జావా ఇల్లు. కాలువ లస్కరు ఉదయమున మట్టము వ్రాసికొనునట్లు, ఆ విలువలను చిట్టాలో ముద్రింపవలెను. రహస్యములను మాత్రము ముద్రింపరాదు. విలువ లేని పేరు ఎదురైనచో ఆగిపొమ్మని షెల్‌కు ముందే చెప్పవలెను. అందుకు ‘సెట్’ ఆజ్ఞలోని ఒక చిన్న అక్షరము చాలును. వీలైనచోట ‘ఎన్వ్’ అను ఆజ్ఞతో మూటను ఖాళీ చేసి, అవసరమైనవానినే చేర్చి పిల్లను పుట్టింపవలెను. రహస్యమును దానితో పని ఉన్న ఒక్క మెట్టునకే ఇచ్చి, పని ముగియగానే తీసివేయవలెను. పరాయి స్క్రిప్టును పిలుచునపుడు దాని గుర్తుసంఖ్యను సరిచూడవలెను. కోడ్‌కోవ్ దొంగతనము బయటపడినది ఆ ఒక్క అలవాటు వలననే గదా.

ఇవి పెద్ద శాస్త్రములు కావు. నాలుగు పంక్తులు వ్రాయు ఓపిక. అయినను ఆ నాలుగు పంక్తులు ఉన్నచోట, స్క్రిప్టు చిల్లుల అట్టల నాటి సుగుణమును తిరిగి పొందును: చదివినవానికి పని తెలియును. లేనిచోట, వ్రాసినవాడు ఊరు వెడలిన నాడు ఆ బిల్డు ఎవరికిని కొరకరాని కొయ్య యగును. వ్రాసినవాడు ఆ ఉద్యోగము వదలి ఆస్ట్రేలియాకో అమెరికాకో పోవచ్చును. ఆతని స్థానమున నిన్న మొన్న కళాశాల విడిచిన పిల్ల వచ్చి, ఆతని స్క్రిప్టును అక్షరము మార్చక నడిపి, అది నడువకపోగా లోపము తనదేనని కుంగవచ్చును. ఆమె లోపము అందులో లేదు. ఆతడు వ్రాయక వదలిన విలువలలో ఉన్నది.

కావున మన ప్రాంతపు విద్యార్థులకు మేము చేయు మనవి ఒక్కటే. ఇతరుల స్క్రిప్టును చదువునపుడు అందు ఉన్నదానితో పాటు లేనిదానిని కూడ చదువుడు. ఈ పేరు ఎచ్చటి నుండి వచ్చినది, దీనికి విలువ ఎవరు ఇచ్చినారు, ఇయ్యకున్న ఏమగును అని ప్రశ్నింపుడు. మీరు వ్రాయునపుడు, మీ తరువాత వచ్చువారు ఆ ప్రశ్న వేయనక్కరలేకుండ వ్రాయుడు.